"ఇష్టపడే ఇందులో ఉన్నాను" అనేవారికి జవాబు ఎక్కడ మొదలవుతుంది?

దగ్గరి బంధువొకరు కట్టుదిట్టమైన మతసంస్థలో ఉన్నారనుకుందాం. పిల్లల పుట్టినరోజులు చెయ్యరు. ఎన్నికల్లో ఓటెయ్యరు. ఆపరేషన్‌లో ప్రాణం మీదికొచ్చినా రక్తం ఎక్కించవద్దంటారు. సంఘం వెలివేసిన కన్నకొడుకుతో కూడా మాట్లాడరు. ఇదేమిటని అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: "నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇష్టపడే ఉన్నాను. సంతోషంగా ఉన్నాను." అడిగినవారు "బ్రెయిన్‌వాష్ చేసేశారు" అని నిట్టూరుస్తారు. చెప్పినవారు "లోకస్థులకు ఇది అర్థం కాదు" అనుకుంటారు. ఆ తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇద్దరిదీ తొందరపాటే. సమర్థించేవారి మాటల్లో కొంత నిజం ఉంటుంది. చిక్కల్లా, ఆ జవాబు అడిగిన ప్రశ్నకు కాకుండా పక్క ప్రశ్నకు వెళ్లిపోతుంది. ఇక్కడ మూడు ప్రశ్నలు కలగాపులగమైపోతున్నాయి. ఆ నమ్మకం నిజమా? అక్కడి జీవితం బాగుందా? బయటికి రావాలంటే ఏం పోగొట్టుకోవాలి, ఆ వెల కట్టింది ఎవరు? మొదటిది విశ్వాసానికి సంబంధించింది. రెండోది బతికేవారే చెప్పగలరు. మూడోదాన్ని మాత్రం బయటివారు కూడా పరిశీలించవచ్చు. దానికి నియమాలుంటాయి, కాగితాలుంటాయి, తేదీలుంటాయి.

ఈ వ్యాసానికి బైబిలు ఆధారంగా నడిచే యెహోవాసాక్షుల సంస్థను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కావలికోట, తేజరిల్లు! పత్రికలు తెలుగులో వస్తాయి కాబట్టి పేరు మనకు కొత్త కాదు. ప్రపంచంలో దాదాపు 90 లక్షల మంది, మన దేశంలో 50 వేలకు పైగా సాక్షులున్నారు. అనేక దేశాల్లో కోర్టులు, విచారణ సంఘాలు ఈ సంస్థ నియమాలను పరిశీలించాయి కాబట్టి పుకార్లతో పని లేదు. ఒక మాట ముందే చెప్పాలి: ఇది క్రైస్తవం మీద వ్యాసం కాదు. మన ఊళ్లలోని చర్చిలు చాలావరకు ఈ పద్ధతిలో నడవవు. ఇదే కొలతను ఏ ఆశ్రమానికైనా, ఏ బాబాకైనా, ఏ జమాత్‌కైనా పెట్టి చూడవచ్చు, చూడాలి కూడా.

కఠిన నియమం, అదుపు ఒకటి కావు

అయ్యప్ప మాల వేసుకున్న మనిషి నలభై ఒక్క రోజులు నల్లబట్టలు కడతాడు, నేల మీద పడుకుంటాడు, మాంసం ముట్టడు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేస్తాడు. తిండి, బట్ట, నిద్ర, పిలిచే పిలుపు అన్నీ నియమం ప్రకారమే. అయినా దాన్ని ఎవరూ అదుపు అనరు. మధ్యలో మాల తీసేస్తే పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు, "అపచారం" అనవచ్చు. కానీ ఆ రాత్రి అమ్మ అన్నం పెట్టడం మానదు, స్నేహితులు ఫోన్ ఎత్తడం మానరు. నియమం ఎంత కఠినమైనదన్నది ఒక లెక్క. దాన్ని వదిలితే ఏం జరుగుతుందన్నది వేరే లెక్క. కొన్ని సంస్థలను పరిశోధకులు హై కంట్రోల్, అంటే మనుషుల్ని గట్టి అదుపులో పెట్టేవి, అనేది ముఖ్యంగా ఈ రెండోదాని గురించే.

ఈ చర్చకు పునాది వేసినవారిలో అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ ఒకరు. చైనాలో "భావ సంస్కరణ" శిబిరాల నుంచి బయటపడినవారితో మాట్లాడి 1961లో ఎనిమిది లక్షణాలు గుర్తించాడు. బయటి సమాచారాన్ని అడ్డుకోవడం, లోపలివారికే అర్థమయ్యే ప్రత్యేక పదజాలం, మనిషి అనుభవం కన్నా సిద్ధాంతమే గొప్పదనడం, బయటివారికి బతికే హక్కే లేనట్టు చూడడం వాటిలో కొన్ని. తర్వాత స్టీవెన్ హసన్ ప్రవర్తన, సమాచారం, ఆలోచన, భావోద్వేగం అనే నాలుగు అంశాల మీద అదుపును కొలవాలన్నాడు. ఈయన ఒకప్పుడు సన్ మ్యుంగ్ మూన్ యూనిఫికేషన్ చర్చిలో ఉండి బయటికి వచ్చిన మనిషి.

దీనికి గట్టి అభ్యంతరమూ ఉంది. అదే మూన్ చర్చి మీద బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ ఏళ్ల తరబడి పనిచేసి 1984లో తన పరిశోధన ప్రచురించింది. వారి శిబిరాలకు వెళ్లినవారిలో చాలామంది అసలు చేరనే లేదు, చేరినవారిలోనూ ఎక్కువమంది రెండేళ్లలో బయటికి వచ్చేశారు. మనసు కడిగేసే యంత్రమే ఉంటే ఈ లెక్క ఇలా ఉండదు. "బ్రెయిన్‌వాష్" అనే మాట చర్చను ముందుకు తీసుకుపోకపోవడానికి ఇదొక కారణం. రెండోది, ఆ మాట అన్న మరుక్షణం ఎదుటి మనిషి చెప్పేదేదీ వినక్కర్లేదన్నట్టు అవుతుంది. ఇరవై ఏళ్లు బైబిలు చదివి, ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చానని చెబుతున్న మనిషిని అది అవమానించడమే.

ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు

నియమం ఎలా పనిచేస్తుందో ఒక ఊహా కుటుంబంలో చూద్దాం. తల్లిదండ్రులిద్దరూ, వాళ్ల మాటల్లో చెప్పాలంటే, "సత్యంలో" ఉన్నారు. వారానికి రెండుసార్లు రాజ్యమందిరంలో, అంటే వాళ్ల ప్రార్థనాస్థలంలో మీటింగ్, వారాంతాల్లో పరిచర్య, అంటే ఇంటింటికీ వెళ్లి ప్రచారం. పెద్దకొడుకు పద్నాలుగేళ్లకు బాప్తిస్మం తీసుకున్నాడు. చిన్నకొడుకు "ఇంకా సిద్ధంగా లేను" అంటూ తీసుకోలేదు. ఇరవై దాటేసరికి ఇద్దరికీ నమ్మకం పోయింది. ఇద్దరూ మీటింగులు మానేశారు, ఇద్దరూ ప్రేమించిన అమ్మాయిలతో కలిసి ఉంటున్నారు.

చిన్నవాడి విషయంలో తల్లిదండ్రులు బాధపడతారు, ప్రార్థిస్తారు. అంతే. బాప్తిస్మం తీసుకోలేదు, అంటే సభ్యుడే కాదు కాబట్టి వాడి మీద చర్య ఉండదు.

పెద్దవాడిని సంఘపెద్దలు పిలిపిస్తారు. కనీసం ముగ్గురు పెద్దల కమిటీ కూర్చుంటుంది. తలుపులు వేసి మాట్లాడతారు. వాడు పశ్చాత్తాపపడలేదని తేలితే, తర్వాతి మీటింగ్‌లో వేదిక మీద నుంచి ఒకే ఒక్క వాక్యం చదువుతారు. 2024 వరకు ఆ వాక్యం "ఫలానా వ్యక్తి ఇక యెహోవాసాక్షి కాదు" అన్న అర్థంలో ఉండేది. ఇప్పుడు "సంఘం నుంచి తొలగించబడ్డారు" అంటున్నారు. కారణం చెప్పరు, వివరం ఉండదు. కార్యక్రమం కొనసాగుతుంది. కానీ ఆ వాక్యం విన్న ప్రతి ఒక్కరికీ ఇక ఏం చెయ్యాలో తెలుసు. చిన్నప్పటి నుంచి ఎత్తుకు పెంచిన అక్కలు, అన్నలు, కలిసి ఆడుకున్నవాళ్లు ఆ రాత్రి నుంచి వాడి ఫోన్ ఎత్తరు. ఒకే ఇంట్లో ఉంటే రోజువారీ కుటుంబ వ్యవహారం సాగుతుంది. వేరే కాపురమైతే తప్పనిసరి కుటుంబ పనులకే మాటలు పరిమితం.

ఇద్దరి నమ్మకమూ ఒక్కలాగే పోయింది, ఇద్దరి జీవితమూ ఒకటే. తేడా పద్నాలుగేళ్ల వయసులో నీళ్లలో మునగడం ఒక్కటే. ఆ వయసు పిల్లాడు బ్యాంకులో సొంతంగా అప్పు తీసుకోలేడు, పెళ్లి చేసుకోలేడు, ఇల్లు అద్దెకు తీసుకోలేడు. కానీ జీవితాంతం అమలయ్యే ఈ ఒప్పందంలోకి రాగలడు.

నేరమేదీ చెయ్యకుండా, "నేనిక ఇందులో ఉండను" అని ఉత్తరం రాసిచ్చినా ఫలితం అంతే. 1981 నుంచి అలా స్వయంగా వైదొలగినవారిని కూడా బహిష్కృతులతో సమానంగానే చూస్తున్నారు. అందుకే చాలామంది ఏమీ చెప్పకుండా, మెల్లగా మీటింగులు తగ్గించుకుంటూ కనుమరుగవుతారు. అలాంటివారిని చల్లబడినవారిగా చూస్తారే తప్ప లాంఛనంగా వెలివేయరు. శిక్ష నమ్మకం పోయినందుకు కాదు, ఆ సంగతి పైకి చెప్పినందుకు పడుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది.

సంస్థ వాదన కూడా వినాలి. దీన్ని వాళ్లు ప్రేమతో చేసే క్రమశిక్షణ అంటారు. మొదటి కొరింథీయులు 5వ అధ్యాయంలో, సహోదరుడనబడిన వాడు దుర్మార్గంలో ఉంటే అతనితో భోజనం కూడా చెయ్యవద్దని పౌలు రాశాడు. అది సంఘాన్ని పవిత్రంగా ఉంచుతుందనీ, తప్పిపోయిన మనిషికి తానేం పోగొట్టుకున్నాడో తెలిసి తిరిగి వస్తాడనీ వారి నమ్మకం. తిరిగి వచ్చినవారు, "ఆ దెబ్బే నన్ను కాపాడింది" అనేవారు నిజంగా ఉన్నారు. అయితే ఆ రెండో కారణాన్నే కాస్త ఆగి చూడండి. ఆత్మీయుల్ని దూరం చేస్తే మనిషి తిరిగి వస్తాడని ఆశించడమంటే, ఆ దూరం మనిషిని కదిలించేంత బరువైనదని సంస్థే ఒప్పుకోవడం.

"నేనిక్కడ సంతోషంగా ఉన్నాను"

ఇది అబద్ధమని అనుకోవడానికి కారణం లేదు. తాగుడు, సిగరెట్ల నుంచి బయటపడి ఇంటిని నిలబెట్టుకున్నవారున్నారు. జబ్బు చేస్తే వంతులవారీగా వచ్చి కూర్చునే మనుషులున్నారు. సంస్థ కులభేదం, జాతిభేదం తప్పని బోధిస్తుంది. కులం పేరుతో జీవితమంతా గుమ్మం బయట నిలబడినవారికి "సహోదరీ" అన్న పిలుపు చిన్న విషయం కాదు. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవారికి ఆ గుమ్మం బయట నిలబడిన అనుభవం ఉండి ఉండదు.

ఒక అక్కా తమ్ముడి మధ్య ఈ మాటలు ఎలా నడవచ్చో చూద్దాం.

"ఎందుకక్కా నీకీ చాదస్తం? వాళ్లు నిన్ను ఆడిస్తున్నారు."

"నన్నెవరూ ఆడించట్లేదురా. మీ బావగారు తాగుడు మానింది ఇక్కడికొచ్చాకే. ఆ రోజుల్లో మీరెవరైనా వచ్చారా?"

ఇక్కడ తమ్ముడు ఓడిపోయాడు, అది న్యాయమే. అక్క ఆనందాన్ని కాదన్నాడు, అది అతని చేతిలో లేని విషయం. అదే మాట ఇంకోలా మొదలైతే:

"నువ్వు బాగున్నావనే నమ్ముతున్నానక్కా. బావగారి సంగతి నాకూ తెలుసు. ఒక్కటి అడుగుతాను. రేపు నీకు ఇది నిజం కాదనిపిస్తే, ఆ మాట ఎవరితోనైనా చెప్పగలవా?"

"నాకలా అనిపించదు."

"పోనీ, రమ్యకు అనిపిస్తే? పదమూడేళ్లకే బాప్తిస్మం ఇప్పించారుగా."

"అది దాని నిర్ణయం అవుతుంది. తల్లిగా నా గుండె పగిలిపోతుంది. కానీ యెహోవా పెట్టిన ప్రమాణం నేను మార్చలేను కదరా."

ఇప్పుడు మాట అసలు చోటికి వచ్చింది. అక్క అబద్ధం చెప్పలేదు, తప్పించుకోలేదు. గుండె పగులుతుందని ఒప్పుకుంది. దాన్ని పగలగొట్టే నియమం తన చేతిలో లేదనీ ఒప్పుకుంది. "ఇష్టపడే ఉన్నాను" అన్న మాటకూ ఈ మాటకూ మధ్య ఉన్న దూరమే ఇక్కడి అసలు విషయం. ఇలాంటి స్థితిని సామాజిక శాస్త్రవేత్త జాన్యా లాలిచ్ "హద్దుల్లోని ఎంపిక"గా వివరించింది. ఆమె కూడా ఒకప్పుడు ఒక కరడుగట్టిన రాజకీయ బృందంలో ఉండి బయటికి వచ్చినామె. మనిషి నిజంగానే ఎంచుకుంటాడు, కానీ ఎంచుకోవడానికి ముందున్న దారులను ఎవరో ముందే తగ్గించేసి ఉంటారు.

దీని అర్థం ఎవరూ బయటికి రాలేరని కాదు. అమెరికాలో ప్యూ పరిశోధనా సంస్థ 2014 సర్వేలో, సాక్షుల ఇళ్లలో పెరిగినవారిలో 66 శాతం పెద్దయ్యాక ఆ మతంలో లేరు. అదే సర్వేలో అప్పటి సభ్యుల్లో 65 శాతం బయటి నుంచి వచ్చి చేరినవారు. మొదటి అంకె "అది జైలు" అనేవారికి ఎదురు నిలుస్తుంది. రెండో అంకె "వీళ్లంతా పుట్టుకతో ఇరుక్కుపోయినవారే" అనేవారికి ఎదురు నిలుస్తుంది. వెళ్లేటప్పుడు ఎవరెంత పోగొట్టుకున్నారన్నది మాత్రం ఈ అంకెల్లో కనపడదు.

"తప్పులు అందరూ చేస్తారు, మావాళ్లు సరిదిద్దుకుంటారు"

సమర్థనల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. దీనికి వాళ్లు చూపించే వచనం సామెతలు 4:18: "నీతిమంతుల మార్గము" వేకువ వెలుగులా అంతకంతకు తేజరిల్లుతుంది. దేవుడు ఒక్కసారిగా అన్నీ చెప్పడు, వెలుగు క్రమంగా పెరుగుతుంది, అర్థం మారితే ఒప్పుకుని మార్చుకుంటాం అంటారు. శాస్త్రజ్ఞులూ అంతేగా? అవును, తప్పు ఒప్పుకోవడం మంచి లక్షణమే.

కాబట్టి "మీరు ఫలానా సంవత్సరంలో తప్పు చెప్పారు" అని జాబితా చదివితే జవాబు అయిపోదు. చూడాల్సింది, తప్పు జరిగిన కాలంలో ఆ మాట ముందే అన్న మనిషికి ఏమైందన్నది.

1967లో కావలికోట పత్రిక అవయవ మార్పిడిని నరమాంస భక్షణతో పోల్చింది. 1980లో అదే పత్రిక, అది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవాల్సిన విషయమని రాసింది. 1970లో మూత్రపిండాలు చెడిపోయిన ఒక సాక్షిని ఊహించుకోండి. అన్న కిడ్నీ ఇస్తానన్నాడు, డాక్టర్లు చేస్తామన్నారు. నమ్మకస్తుడు కాబట్టి ఆ మనిషి వద్దన్నాడు. పదేళ్ల తర్వాత నియమం మారింది. సంస్థకు అది సర్దుబాటు. ఆ మనిషికి సర్దుబాటు చేసుకునే అవకాశం లేదు. ఒకవేళ 1970లోనే అతను "ఈ పోలిక తప్పు, బైబిల్లో ఇలా లేదు" అని సంఘంలో గట్టిగా బోధించి ఉంటే, పదేళ్ల తర్వాత సంస్థ చెప్పబోయే మాటనే చెప్పినందుకు మతభ్రష్టుడై ఉండేవాడు.

1975 కథలోనూ ఇదే వరస. ఆదాము సృష్టి జరిగి 6,000 ఏళ్లు ఆ సంవత్సరం శరత్కాలంలో నిండుతాయని 1966లో సంస్థ ప్రచురణ లెక్క కట్టింది. ఫలానా రోజున లోకాంతం అని సూటిగా అనలేదు, ఇది నిజం. సమర్థించేవారు దీన్ని గుర్తుచేస్తారు. కానీ 1974లో, ఇళ్లూ ఆస్తులూ అమ్మేసి మిగిలిన కాలమంతా పయినీరు సేవలో, అంటే ఎక్కువ సమయం ప్రచారానికే ఇచ్చే సేవలో గడపాలనుకున్నవారిని సంస్థ బులెటిన్ మెచ్చుకుంది. 1975 వచ్చింది, వెళ్లింది. ఆ ఆశలు పెరగడంలో తమ ప్రచురణల పాత్రా ఉందని 1980లో ఒప్పుకున్నారు. ఇల్లు అమ్ముకున్నవారికి ఇల్లు తిరిగి రాలేదు.

పైస్థాయిలోనూ ఈ తూకం ఇంతే. రేమండ్ ఫ్రాంజ్ తొమ్మిదేళ్లు పరిపాలక సభ సభ్యుడు, అంటే ప్రపంచంలోని సాక్షులందరికీ బోధ నిర్ణయించే కొద్దిమందిలో ఒకడు. కొన్ని బోధలపై సందేహాల కారణంగా 1980లో పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. 1981లో ఆయన్ను బహిష్కరించారు. చూపిన కారణం, సంఘానికి రాజీనామా చేసిన తన యజమానితో కలిసి హోటల్లో భోంచేయడం.

పిల్లలపై లైంగిక వేధింపుల విషయంలో సంస్థలను విచారించిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ ముందు 2015లో పరిపాలక సభ సభ్యుడు జెఫ్రీ జాక్సన్ సాక్ష్యమిచ్చాడు. భూమ్మీద దేవుడి తరఫున మాట్లాడేది మీరేనా అని అడిగారు. దేవుడు వాడుకుంటున్న ఏకైక ప్రతినిధులం మేమేనని అనడం చాలా అహంకారమనిపించుకుంటుందని జవాబిచ్చాడు. వినయంగల జవాబే. అయితే పొరపడగల మనుషులే ఈ నియమాలు పెడుతుంటే, ఆ నియమంతో విభేదించిన మనిషి దేవుణ్ని వదిలేసినట్టు ఎలా అవుతాడు? ఈ ప్రశ్న ఆ జవాబులోంచే పుడుతుంది.

ఈ మధ్య మార్పులు వేగంగా వస్తున్నాయి. 2023 నవంబరు నుంచి ప్రచారకులు ఎన్ని గంటలు పరిచర్య చేశారో రిపోర్టు ఇవ్వక్కర్లేదు. అదే ఏడాది డిసెంబరులో మగవారికి గడ్డం ఉన్నా ఫర్వాలేదన్నారు. 2024 మార్చిలో, తొలగించబడిన మనిషి మీటింగ్‌కు వస్తే క్లుప్తంగా పలకరించాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారిదే అన్నారు, మీటింగ్‌కు రమ్మని పిలవనిచ్చారు. మతభ్రష్టులకు ఇది వర్తించదు. దీన్ని మంచి మార్పు అనే అనాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక తల్లి తన కూతురికి "బాగున్నావా" అని చెప్పగలిగితే అది తక్కువేమీ కాదు. 2023లో అదే పలకరింపు కోసం ఎదురుచూసి, దొరక్కుండానే పోయినవారి సంగతి ఆ ప్రకటనలో లేదు.

రక్తం కార్డు

చాలామంది సాక్షుల పర్సులో ఒక చిన్న కార్డు ఉంటుంది. రక్తం ఎక్కించవద్దని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద సొంత సంతకం, దాన్ని చూసి ధ్రువీకరించినవారి సంతకాలు. పూర్తి రక్తం, ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వద్దు. వాటినుంచి తీసిన చిన్న అంశాలు మనస్సాక్షికి వదిలేశారు. స్పృహలో ఉన్న పెద్దమనిషి చికిత్సను నిరాకరించే హక్కును వైద్యనీతి గౌరవిస్తుంది. ఈ పట్టుదల వల్ల వైద్యానికి మేలూ జరిగింది. టెక్సస్‌లో డెంటన్ కూలీ బృందం సాక్షులకు రక్తం ఎక్కించకుండా చేసిన 542 గుండె, రక్తనాళాల ఆపరేషన్ల వివరాలు 1977లో ప్రచురించింది. రక్తాన్ని పొదుపుగా వాడే శస్త్రచికిత్సకు ఇలాంటి అనుభవం తోడ్పడింది.

అయితే కార్డు మీది సంతకం ఎంత స్వేచ్ఛగా పెట్టింది అన్నప్పుడు, బయటికి రావాలంటే ఏం పోగొట్టుకోవాలన్న మూడో ప్రశ్న మళ్లీ వస్తుంది. రక్తం తీసుకుని పశ్చాత్తాపపడని మనిషి తానే సంస్థను వదులుకున్నట్టు లెక్క. ఆస్పత్రి మంచం చుట్టూ నిలబడిన కుటుంబమంతా సాక్షులైతే, "ఎక్కించండి" అన్న ఒక్క మాట ఆ కుటుంబాన్నే పోగొట్టవచ్చు. ఆ సంతకం పూర్తి నమ్మకంతో పెట్టిందో, భయంతో పెట్టిందో కార్డు చూసి ఎవరూ చెప్పలేరు. డాక్టర్లు రోగితో కాసేపు ఒంటరిగా మాట్లాడాలనుకోవడానికి కారణం ఇదే.

"బయటికి పోయినవారు కడుపుమంటతో మాట్లాడతారు"

కొంతమంది అలాగే మాట్లాడతారు. వదిలిపెట్టినవారి కథనాలు తర్వాతి కోపంతో రంగు మారుతాయని కొందరు మత సామాజిక శాస్త్రవేత్తలు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. ఆ కోపం ఎంతదూరం పోగలదో మన దేశంలోనే చూశాం. 2023 అక్టోబరు 29న కేరళలోని కలమశ్శేరిలో యెహోవాసాక్షుల సమావేశంలో బాంబులు పేలి పలువురు చనిపోయారు. తాను ఒకప్పుడు ఆ సంఘంలో ఉన్నానని, ఆ బోధలు దేశానికి చేటని చెబుతూ ఒక వ్యక్తి పోలీసులకు లొంగిపోయాడు. సంస్థ మీద ఎంత కోపమున్నా ప్రార్థనకు కూర్చున్న మనుషుల ప్రాణాలు తీయడానికి అది కారణం కాజాలదు.

కానీ ఈ వాదన రెండువైపులా కోస్తుంది. బయటివారికి కోపం ఉన్నట్టే లోపలివారికి పోగొట్టుకుంటామన్న భయం ఉంటుంది. ఒకరి మాట రంగు మారితే రెండోవారిదీ మారుతుంది. అందుకే మనుషుల మాటల కన్నా సంస్థ సొంత కాగితాలు బరువైనవి. ఆస్ట్రేలియా కమిషన్ విచారణలో, 1950 నుంచి పిల్లలపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చిన 1,006 మంది సభ్యుల ఫైళ్లు సంస్థ దగ్గరే బయటపడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా సంస్థ తనంతట తాను పోలీసులకు చెప్పలేదు. ఒప్పుకోలు లేనప్పుడు తప్పును రుజువు చేయడానికి ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు కావాలన్న బైబిలు సూత్రాన్ని పెద్దలు పాటించేవారు. పిల్లలపై ఇలాంటి నేరం ఇద్దరు సాక్షుల ముందు జరగదు. ఫిర్యాదు చెయ్యాలా వద్దా అన్నది బాధితుల హక్కని, చట్టం తప్పనిసరి చేసిన చోట తాము చెబుతామని సంస్థ వివరణ. ఈ వివరణ సరిపోతుందో లేదో పాఠకులే తూచుకోవచ్చు. తూచడానికి మాజీ సభ్యుల కోపంతో పని లేదు, ఆ ఫైళ్లు చాలు.

"లోకం మమ్మల్ని హింసిస్తోంది"

ఇదీ నిజమే. హిట్లర్‌కు సెల్యూట్ చెయ్యనందుకు, సైన్యంలో చేరనందుకు సాక్షుల్ని నాజీ శిబిరాల్లో పెట్టారు. వారి బట్టల మీద ఊదారంగు త్రికోణం కుట్టేవారు. విశ్వాసాన్ని వదులుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెడితే విడుదల అన్నారు. అతి కొద్దిమందే పెట్టారు. రష్యా 2017లో సంస్థను తీవ్రవాద సంస్థగా నిషేధించి సభ్యుల్ని జైళ్లలో పెడుతోంది. 2022లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ నిషేధాన్ని తప్పుపట్టింది.

మన దేశంలో 1985లో కేరళలో జాతీయగీతం పాడనందుకు ముగ్గురు సాక్షుల పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వారు గీతం జరుగుతుంటే గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని ప్రబోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దన్నారాయన.

ఆ తీర్పు కాపాడింది గుంపుకు ఎదురు నిలబడిన ఒక చిన్నపిల్ల మనస్సాక్షిని. బడి మొత్తం పాడుతుంటే పాడకుండా నిలబడే హక్కు ఆ పిల్లకు ఉందంటే, సంఘం మొత్తం ఒక బోధను ఒప్పుకుంటుంటే ఒప్పుకోకుండా నిలబడే మనిషి సంగతేమిటి? రాజ్యాంగం ప్రభుత్వాన్ని అడ్డుకుంటుంది, ప్రైవేటు మతసంస్థను అదే పద్ధతిలో అడ్డుకోదు. చట్టపరంగా రెండూ వేరు. కానీ ఆ తీర్పును గర్వంగా చెప్పుకునే సాక్షితో మాట్లాడేటప్పుడు, మనస్సాక్షి అన్న విలువ అవతలివారికి కొత్తగా నేర్పేది కాదు. అది వారి చరిత్రలోనే ఉంది.

కోర్టులు ఎంతవరకు వెళ్లాయి

ఎక్కువ దూరం వెళ్లలేదు. సంఘం ఒకరిని తీసేస్తే, ఆస్తి హక్కులాంటిదేదీ లేనప్పుడు తాము జోక్యం చేసుకోలేమని కెనడా సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మాజీ సభ్యులపై వివక్షను రెచ్చగొట్టారని బెల్జియంలో 2021లో సంస్థకు జరిమానా పడింది, 2022లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. వెలివేత వల్ల మతం మారే స్వేచ్ఛ, పిల్లల హక్కులు దెబ్బతింటున్నాయని నార్వే ప్రభుత్వం 2022లో సంస్థకు గ్రాంటు ఆపింది. 2024లో కింది కోర్టు సరేనంది, 2025 మార్చిలో పైకోర్టు కాదంది. వాదనలో రెండువైపులా హక్కులే: ఎవరితో కూర్చుని తినాలో నిర్ణయించుకునే నా హక్కు, నమ్మకం మార్చుకున్నా కుటుంబాన్ని పోగొట్టుకోకుండా ఉండే నీ హక్కు.

మన దగ్గర ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల కేసులో 1962లో సుప్రీంకోర్టు, మతం నుంచి వెలివేయడాన్ని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు. కులపంచాయతీల బహిష్కరణలకు ఎదురుగా మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం చేసింది. వెలి అంటే ఏమిటో తెలుగువారికి ఏ మతసంస్థా వచ్చి చెప్పక్కర్లేదు. కులం కట్టు తప్పినందుకు, వేరే కులంలో పెళ్లాడినందుకు ఊళ్లు మనుషుల్ని వెలివేస్తూనే ఉన్నాయి. సాక్షుల వెలివేతను తప్పుపడుతూ, కులాంతరం చేసుకున్న సొంత కూతురి ముఖం చూడని తండ్రి మాట ఆ అక్క ముందు నిలవదు. నిలవకూడదు.

"ప్రభువా, యెవనియొద్దకు వెళ్లుదుము?"

చివరికి మాటలన్నీ వచ్చి ఆగేది యోహాను 6:68 దగ్గర. చాలామంది విడిచి వెళ్లిపోతుంటే మీరూ వెళ్తారా అని యేసు అడిగినప్పుడు పేతురు చెప్పిన జవాబు ఇది. సందేహం వచ్చిన సాక్షి కూడా దీన్నే తలుచుకుంటాడు. సిద్ధాంతపరంగా ఒక సంగతి గమనించవచ్చు: పేతురు అడిగింది ఏ సంస్థ దగ్గరికి అని కాదు, ఎవరి దగ్గరికి అని.

కానీ ఆ ప్రశ్నలో సిద్ధాంతం కన్నా జీవితం ఎక్కువ. సంస్థ ఎన్నో ఏళ్లపాటు పైచదువుల మీద ఆశ పెట్టుకోవద్దని, లోకస్థులతో గాఢ స్నేహాలు వద్దని చెబుతూ వచ్చింది. నలభై ఏళ్ల మనిషికి ఉద్యోగం ఇచ్చిన యజమాని, ఇల్లు అద్దెకిచ్చినవారు, పిల్లల స్నేహితులు, తల్లిదండ్రులు అందరూ సంఘంలోనివారే అయితే "నిజం తెలిశాక బయటికి రావచ్చు కదా" అనడం తేలిక. నమ్మకం పోయినా మీటింగ్‌లకు వస్తూ, పాటలు పాడుతూ, చెయ్యెత్తి జవాబులు చెబుతూ ఉండిపోయేవారు అందుకే ఉంటారు. మాజీ సభ్యుల్లో వీరికి ఒక పేరే ఉంది: మనిషి లోపల, మనసు బయట. అక్క "ఇష్టపడే ఉన్నాను" అన్నప్పుడు ఆమె నిజంగా నమ్ముతోందో, ఈ రెండో రకమో తమ్ముడికి తెలిసే దారి లేదు. తెలియనవసరమూ లేదు. రెండు సందర్భాల్లోనూ ఆమెకు పనికొచ్చే జవాబు ఒకటే.

బయటి బంధువులు తమకు తెలియకుండానే ఇక్కడ ఒక పని చేస్తుంటారు. "ఆ మతం వదిలితేనే మా గడప తొక్కు" అంటారు. దాంతో ఆమెకు ఉన్న ఒక్క బయటి తలుపూ మూసుకుపోతుంది. "లోకస్థుల ప్రేమ ఇంతే" అని సంఘంలో చెప్పిన మాట నిజమైపోతుంది. సంస్థ పెట్టిన వెల ఒకటి, బంధువులు పెట్టిన వెల ఇంకొకటి, రెండూ ఒకే మనిషి మీద. పండగకు రాకపోయినా పండగ మర్నాడు వెళ్లి కూర్చునే తమ్ముడు, ఆమె రక్తం కార్డును వెక్కిరించకుండా దాని గురించి అడిగే మేనకోడలు, బాప్తిస్మం తీసుకున్నా మానేసినా రమ్యకు ఫోన్ చేసే మేనమామ ఏ వాదనా గెలవకపోవచ్చు. కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్న నిజంగా ఎదురైన రోజు ఆమె ఫోన్‌లో ఒక నంబరు ఉంటుంది. బయటికి రావాలని ఆమె ఎప్పటికీ అనుకోకపోయినా ఆ నంబరు అలాగే పనిచేస్తుంది.